నాలుగు నిమిషాల మంట, గంటసేపు కాపలా

భిలాయి,
ఆగస్టు 5

పవర్ హౌస్ మార్కెట్‌లో మందుల దుకాణం మేడ మీద జ్వాలా ఫిట్‌నెస్ నడుపుతున్న కోచ్ సతీష్‌కుమార్ గారికి,

సెక్టారు పార్కులో తూర్పు బెంచీ మీద కూర్చునే నూకమ్మ చెప్పి రాయిస్తున్న ఉత్తరం. మీకు నమస్కారం పెట్టాలో వద్దో దీనికి జవాబు వచ్చాక ఆలోచిస్తాను.

నేనెవరో ముందు చెబుతాను. మా ఆయన నరసింగరావు ఇక్కడి ఉక్కు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఆయన పోయి పదకొండేళ్ళు. నాకు డెబ్భై రెండు. చదువు లేదు. చదువు లేనంత మాత్రాన నోరు లేదని కాదు, ఆ సంగతి మా సెక్టారులో ఎవరినడిగినా చెబుతారు. ఇంత చిన్న విషయం ఫోన్లో మాట్లాడేస్తే పోదా అంటుంది మా కోడలు రజనీకుమారి. ఫోన్లో అన్నది గాలికి పోతుంది, కాయితం మీద పెట్టిందే ఫైలుకెక్కుతుంది అని మా ఆయన యూనియన్‌లో నేర్చుకుని వచ్చి నాకు నేర్పాడు. మీ దగ్గరకి స్వయంగా రాను. ఇరవై రెండు మెట్లట. ఎక్కలేక కాదు. ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను.

ఇక కేసు. ఆయన పోయినప్పటి నుంచి, రోజూ సాయంత్రం అయిదింటి నుంచి ఆరింటి దాకా మేం అయిదుగురం పార్కులో నడుస్తూ వచ్చాం. నేను, చిన్నమ్మలు, మీనాక్షి, ఏంజెలా, ఈ ఉత్తరం రాస్తున్న డోర్కాస్. ఆరు చుట్లు. మొదటి చుట్టు మోకాళ్ళ గురించి, రెండో చుట్టు కోడళ్ళ గురించి, మూడూ నాలుగూ పోయినవాళ్ళ గురించి, అయిదోది ఊళ్ళో పెళ్ళిళ్ళ గురించి, ఆరోది ఆరోజు రానివాళ్ళ గురించి. అందుకే ఎవరూ మానేవారు కాదు. వాన పడితే షెడ్డు కింద నిలబడి ఆరు చుట్లూ నోటితోనే తిరిగేవాళ్ళం.

జూన్‌లో మీరు మేడెక్కి బోర్డు కట్టారు. ముందు చిన్నమ్మలు మానేసింది. ఇంటికెళ్ళి అడిగాను. "నూకమ్మప్పా, గంట నడవక్కర్లేదట. నాలుగు నిమిషాలు గట్టిగా సేస్తే సాలట. ఆ తరవాత కూకున్నా తొంగున్నా ఒళ్ళు దాని పని అది సేసుకుంటాదట" అంది. ఆ వెనక మీనాక్షి, ఆ వెనక ఏంజెలా. డోర్కాస్ కూడా జూలై నుంచి రావడం లేదు గాని, దానిది మోకాలు నొప్పి. అందులో మీ తప్పు లేదు. నాకు మిగిలిన మంచి మనిషి అదొక్కతే.

నా కోరిక ఒక్కటి. నాలుగు నిమిషాలు చాలదు, గంట నడిచి తీరాలి అని కాయితం మీద రాసి, సంతకం పెట్టి, ఆ ముగ్గురినీ పార్కుకి తిరిగి పంపండి. నా కాళ్ళకి ఏ లోటూ లేదు, ఒక్కర్తెనే పన్నెండు చుట్లు తిరగగలను. నోటికే వ్యాయామం లేకుండా పోయింది.

జవాబు చిన్నమ్మలు చేత పంపండి. తప్పు చేసిన మనిషే మొయ్యాలి.

ఇట్లు,
మీ క్షేమం ప్రస్తుతానికి కోరని
నూకమ్మ (వేలిముద్ర)

తా.క.: ఈ ఉత్తరం మీ మెట్ల కింద ఉన్న సలహాల పెట్టెలో వేస్తానని డోర్కాస్ అంటోంది. ఇది సలహా కాదు. పెట్టె మీద పేరు మార్చుకోండి.

రాసినావిడ మాట: ఆవిడ "ఏటి" అన్న చోటల్లా "ఏమిటి" అనీ, "నువ్వు" అన్న చోటల్లా "మీరు" అనీ రాశాను. మూడు చోట్ల అన్నది అసలు రాయలేదు. — డోర్కాస్


పవర్ హౌస్,
ఆగస్టు 9

గౌరవనీయులైన నూకమ్మ అమ్మగారికి,

సతీష్‌కుమార్ నమస్కారాలు. మీరు ఇవ్వకపోయినా నావి తీసుకోండి.

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. మా నాన్నగారిది టెక్కలి దగ్గర పల్లె. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఇంట్లో తెలుగు మాట్లాడతాను, బళ్ళో చదివింది హిందీ. తెలుగు అక్షరాలు నాకు అన్నీ ఒకేలా గుండ్రంగా కనబడతాయి. అందుకని మీ ఉత్తరం తెలిసినవాళ్ళ చేత చదివించుకుని, జవాబు వాళ్ళ చేతే రాయించి, కింద సంతకం మాత్రం పెడుతున్నాను.

నేను ఎవరినీ నడక మానమని చెప్పలేదు. నడక మంచిదే. మా దగ్గర చేసేది ఏమిటంటే, డాక్టరు సరేనన్నవాళ్ళు ముందు కాసేపు మెల్లగా ఒళ్ళు కదిలిస్తారు. ఆ తరువాత ఇరవై సెకన్లు తమవల్ల అయినంత వేగంగా కుర్చీలోంచి లేచి కూర్చుంటారు, లేదా ఉన్నచోటే పరుగులాంటి అడుగులు వేస్తారు. పది సెకన్లు ఆగుతారు. మళ్ళీ ఇరవై. ఇలా ఎనిమిది సార్లు. అంతా కలిపి నాలుగు నిమిషాలు. చూడ్డానికి చిన్నదే గాని, ఆ నాలుగు నిమిషాల్లో గుండె పరిగెడుతుంది, ఊపిరి అందదు. అప్పుడు అందని గాలిని శరీరం తరువాత తీరిగ్గా లాక్కుంటుంది. లోపల చెదిరిందంతా సర్దుకుంటుంది. ఆ సర్దుకునే పనికి కూడా శక్తి కావాలి. అందుకని వ్యాయామం ఆపేశాక కూడా కొన్ని గంటలపాటు లోపల మామూలు కంటే ఎక్కువగా మండుతూనే ఉంటుంది. కూర్చున్నా సరే, పడుకున్నా సరే. పొయ్యి కట్టేసినా పెనం వేడిగా ఉంటుంది చూడండి, అలాగ.

మీరు ఒక్కసారి వచ్చి చూడండి. మెట్ల దగ్గర కుర్చీ వేయించి, ఇద్దరు మనుషుల్ని పెట్టి మోయిస్తాను. ఒట్టు తప్పినట్టు కాదు, ఎక్కేది మీరు కాదు కదా.

ఇట్లు,
మీ ఆరోగ్యం ఎల్లప్పుడూ కోరే
సతీష్‌కుమార్

తా.క.: సలహాల పెట్టెలో ఇంతవరకు పడిన మొదటి కాయితం మీది. పెట్టెలో పిచ్చుక గూడు కట్టుకుంది. మీ వేలిముద్ర పక్కన మరక దానిది. మీ కోపం వల్ల కాలిందేమోనని మొదట భయపడ్డాను.


భిలాయి,
ఆగస్టు 12

కోచ్ బాబుకి,

నమస్కారం ఇంకా నా దగ్గరే ఉంది. ఈసారి "నువ్వు" అన్నచోట "నువ్వు" అనే రాయమన్నాను.

తెలుగు అక్షరాలు నీకు అన్నీ ఒకేలా కనబడతాయన్నావు. నాకు చదవడం రాదు గాని, ఒకేలా మాత్రం కనబడవు. సరే, అది పక్కన పెట్టు.

నీ ఉత్తరం డోర్కాస్ రెండుసార్లు చదివి వినిపించింది. నువ్వే రాయించుకున్నావు, ఆపేశాక కూడా గంటల తరబడి లోపల మండుతుందని. అయితే నాకొకటి చెప్పు. ఆ మంట దగ్గర డ్యూటీలో ఎవరున్నారు?

భిలాయిలో పుట్టానన్నావు కదా, నీకు ఈ మాత్రం తెలియదా? కోక్ ఓవెన్ ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి ఆరదు. దానికి పండగ లేదు, ఆదివారం లేదు. మంట ఉన్నచోట మనిషి ఉండి తీరాలి. నాకు పెద్దవాడు పుట్టిననాడు మా ఆయన బి షిఫ్టులో ఉన్నాడు. కబురు వెళ్ళింది. రిలీవరు వచ్చి నిలబడేదాకా అడుగు కదపలేదు. ఇంటికి వచ్చేసరికి పిల్లాడు రెండుసార్లు పాలు తాగి పడుకున్నాడు. నేను వారం రోజులు మాట్లాడలేదు గాని, ఆయన చేసింది తప్పని ఎప్పుడూ అనలేదు. ఆ మనిషికి మంట అంటే అంత ధ్యాస. సెలవు రోజున క్వార్టరు వాకిట్లో నిలబడి, ప్లాంటు వైపు పొగ చూసి, ఈ షిఫ్టులో ఫలానావాడున్నాడని చెప్పేసేవాడు. ఎవడి చెయ్యి పడితే వాడి తీరున పొగ వస్తుందట. ఒక్కనాడు తప్పలేదు.

అలాంటి మనిషి పెళ్ళాన్ని నేను. నలుగురి ఒళ్ళల్లో మంట పెట్టి నువ్వు షట్టరు దించి వెళ్ళిపోతే చూస్తూ ఊరుకుంటానా? డ్యూటీ లిస్టు వేశాను. ఏ షిఫ్టు, బి షిఫ్టు నేనే. సి షిఫ్టు రాత్రిది గనక వాళ్ళ మొగుళ్ళు చూసుకోవాలి.

నిన్న చిన్నమ్మలు దగ్గర డ్యూటీ చేశాను. అది నీ దగ్గర్నుంచి వచ్చేసరికి వరండాలో పీట వేసుకుని ఉన్నాను. వచ్చి మంచినీళ్ళు తాగింది. అరగంటకి మూడు అరటికాయ బజ్జీలు తింది, నాకు నాలుగు పెట్టింది. ఆరింటికి టీవీ ముందు కునుకు తీసింది. నుదురు ముట్టుకున్నాను, చల్లగానే ఉంది. అరికాలు ముట్టుకున్నాను, కెవ్వుమని లేచింది. "ఏటప్పా ఇది, నాను బతికే ఉన్నాను గదా" అంది. బతికి ఉన్నావా లేదా అని కాదే, మండుతున్నావా లేదా అని చూస్తున్నానన్నాను. మంట కనబడలేదు. గురక వినబడింది.

రేపు మీనాక్షి ఇల్లు, ఎల్లుండి ఏంజెలా ఇల్లు.

ఇట్లు,
డ్యూటీలో ఉన్న
నూకమ్మ (వేలిముద్ర)

తా.క.: బజ్జీల్లో ఉప్పు ఎక్కువైంది. అది నీ వ్యాయామం వల్లనో కాదో రాయించు.

రాసినావిడ మాట: లిస్టులో నన్ను సి షిఫ్టు రిలీవరుగా వేశారు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదన్న సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు. — డోర్కాస్


పవర్ హౌస్,
ఆగస్టు 16

నూకమ్మ అమ్మగారికి సతీష్‌కుమార్ నమస్కరించి వేడుకుంటున్నది.

దయచేసి డ్యూటీలు ఆపండి. మీనాక్షి గారు ముందు గుమ్మానికి బయట తాళం వేసి, చుట్టూ తిరిగి వెనక గుమ్మం నుంచి ఇంట్లోకి వెళ్ళబోతే, మీరు అక్కడ పీట వేసుకుని ఉన్నారట. ఆవిడ భర్త శంకరరావు గారు చెప్పుల్లేకుండా నా దగ్గరకి వచ్చి, "ఏం మందు తాగించావు బాబూ మా ఆవిడకి, మూడు షిఫ్టులు మనిషి కాపలా ఉండాలంటున్నారు" అని అడిగారు. ఏంజెలా గారైతే ఉతైలో చెల్లెలింటికి వెళ్ళి కూర్చున్నారు. మీరు ఉతై బస్సు ఎన్నింటికని వాకబు చేస్తున్నారని విన్నాను. వెళ్ళకండి.

అది కంటికి కనబడే మంట కాదు, చేతికి తగిలే వేడి కాదు. మా గోడ మీది బొమ్మలో మనిషి చుట్టూ ఎర్రగా మంటలు వేసింది ఆ పోస్టరు అచ్చువేసినవాడు, నేను కాదు. ఇంతదాకా వచ్చింది గనక నిజం చెప్పేస్తాను. ఆపేశాక అదనంగా కరిగేది పెద్దదేం కాదు. ఒక బిస్కెట్టు, మహా అయితే రెండు. అసలు మేలు గుండెకి, కాళ్ళ సత్తువకి. తక్కువసేపట్లో అయిపోతుంది గనక జనం మానకుండా చేస్తారు, అంతే.

జాగ్రత్త పడాల్సింది ఒక్కటే ఉంది. నాలుగు నిమిషాలు అవగానే దబ్బున కూలబడకూడదు, వెంటనే ఇంటికి పరిగెత్తకూడదు. మెల్లగా అడుగులు వేస్తూ, ఊపిరి సర్దుకునేదాకా ఆగి అప్పుడు కదలాలి. మా బ్యాచ్‌లో ఈ మాట ఒక్కరూ వినరు. ఆఖరి ఇరవై సెకన్లు చెప్పుల్లో కాళ్ళు పెట్టి చేస్తారు.

ఇట్లు,
మీ దయ కోరే
సతీష్‌కుమార్

తా.క.: బజ్జీల ఉప్పుకి నాకు సంబంధం లేదు. బాగా చెమట పట్టినవాళ్ళకి ఉప్పు తక్కువనిపిస్తుంది. మీకు ఎక్కువనిపించిందంటే మీకు చెమట పట్టలేదన్నమాట. ఆలోచించండి.


భిలాయి,
ఆగస్టు 19

కోచ్ బాబుకి,

నిజం చెప్పావు గనక సగం నమస్కారం పంపుతున్నాను.

బిస్కెట్టు. డోర్కాస్ ఆ మాట చదవగానే ఆపి మళ్ళీ చదవమన్నాను. నేను రెండిళ్ళ గుమ్మాల్లో నడుం పడిపోయేలా కూర్చుని కాపలా కాసింది బిస్కెట్టుకా?

ఆ బిస్కెట్టు కోసం వాళ్ళు వదిలేసిన గంటలో ఏముండేదో విను. చిన్నమ్మలు కొడుకు పనిచేసే హథ్‌ఖోజ్ వర్క్‌షాపు మూతపడిందని వాడు ఇంట్లో చెప్పలేదు. రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళి ఎక్కడో కూర్చుని వచ్చేవాడు. డబ్బా కడిగేటప్పుడు కనిపెట్టింది చిన్నమ్మలు. పార్కులో నాలుగో చుట్టులో చెప్పి ఏడ్చింది. ఆరో చుట్టు పూర్తయ్యేలోగా మీనాక్షి తన మొగుడికి తెలిసిన మరో షెడ్డులో వాడికి పని మాట్లాడేసింది. అదే నాలుగు నిమిషాల్లో అయిపోయే నడకైతే, అది ముక్కు చీదేసరికే ఎవరిళ్ళకి వాళ్ళం పోయుండేవాళ్ళం.

ఇంకొకటి. ఇది రాయించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా ఇంట్లో అందరూ మంచివాళ్ళే. కొడుక్కి షిఫ్టు, కోడలికి ఆఫీసు. కొడుకు "మా" అంటాడు, కోడలు "అత్తయ్యా" అంటుంది, మనవరాళ్ళు "దాదీ" అంటారు, పాలవాడు "మాజీ" అంటాడు. నూకమ్మా అని పిలిచేవాళ్ళు ఆ బెంచీ దగ్గరే ఉన్నారు. ఇంటికెళ్ళి కూర్చుంటే వాళ్ళూ "ఏటప్పా" అంటున్నారు, వెళ్ళిపొమ్మన్నట్టు. ఈమధ్య నా పేరు నాకు వినబడేది నీ ఉత్తరాల మొదట్లోనే.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. ఊపిరి సర్దుకునేదాకా ఆగి కదలాలన్నావు. ఎంతసేపు? అంకె వెయ్యకు. అంకె పక్కన ఎవరైనా సున్నా చుట్టగలరు. అక్షరాల్లో రాయించు. ఆ అక్షరాలు ఎలా ఉంటే అలా నడుచుకుంటాను. ఒక నిమిషమే అన్నావనుకో, ఇంక ఉత్తరం రాయించను. పన్నెండు చుట్లూ ఒక్కర్తెనే తిరుగుతాను.

ఇట్లు,
నూకమ్మ (వేలిముద్ర)

తా.క.: నాకు చెమట పట్టలేదు. బజ్జీ తినడానికి చెమట పట్టే వయసు కాదు నాది.

రాసినావిడ మాట: మధ్యలో ఒకచోట అక్షరాలు అలుక్కుపోయాయి. కిటికీలోంచి వాన జల్లు పడింది. — డోర్కాస్


పవర్ హౌస్,
ఆగస్టు 22

నూకమ్మ అమ్మగారికి,

విషయం: వ్యాయామం తరువాత తప్పక పాటించాల్సిన విశ్రాంతి.

మీరు అడిగినట్టు అక్షరాల్లోనే. నాలుగు నిమిషాల వ్యాయామం పూర్తయ్యాక ప్రతి ఒక్కరూ అక్షరాలా ఒక గంటసేపు ఇంటికి వెళ్ళకుండా ఆగాలి. ఆ గంట నాలుగు గోడల మధ్య కాదు, చెట్ల గాలి తగిలేచోట గడపాలి. ఒంటరిగా ఉండకూడదు. అయిదుగురుంటే మంచిది. ఆ గంటసేపూ మాట్లాడుతూ ఉండాలి. మాట సాగుతోందంటే ఊపిరి సర్దుకుంటోందని గుర్తు. ఎవరైనా మాట్లాడకుండా ఉండిపోతే పక్కనున్నవాళ్ళు పేరు పెట్టి పిలవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వ్యాయామానికి రాలేకపోయినా ఈ గంటకి మాత్రం రావచ్చు, దానివల్ల వాళ్ళకీ మేలే.

మంట ఉన్నచోట మనిషి ఉండాలన్న మీ మాట సరైనది. అంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

ఈ నియమం మా బ్యాచ్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ చదివి వినిపించడమైంది. ఏంజెలా గారికి ఉతైకి ఫోన్ చేసి చెప్పడమైంది.

ఇట్లు,
సతీష్‌కుమార్
(సంతకం, జిమ్ము ముద్ర)

తా.క.: తూర్పు బెంచీలో మూడో చెక్క విరిగి ఉంది, చీర చిరుగుతుంది. ఎడమవైపు సర్దుకుని కూర్చోండి.


భిలాయి,
సెప్టెంబరు 2

కోచ్ బాబుకి,

నిండు నమస్కారం. ఇన్నాళ్ళూ దాచింది మొత్తం ఒకేసారి పెడుతున్నాను.

నీ జిమ్ము ముద్ర ఉన్న కాయితం వచ్చిన మర్నాడే చిన్నమ్మలు, మీనాక్షి బెంచీకి వచ్చేశారు. ఏంజెలా మూడోనాడు ఉతై నుంచి వచ్చింది, నాకోసం అరటిపళ్ళు తెచ్చింది, భయం వల్లనో ప్రేమవల్లనో అడగలేదు. మోకాలు నొప్పి మనిషి కూడా వస్తోంది. అయిదుగురం నీ నియమం తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం. మొన్న మీనాక్షి అరనిమిషం మాట్లాడకుండా ఉండిపోతే నలుగురం ఒకేసారి పేరు పెట్టి పిలిచాం. కట్టుడుపళ్ళ కింద వేరుశనగ గింజ ఇరుక్కుందట.

ఇంతవరకు నీకు. ఇక్కడి నుంచి ఈ ఉత్తరం రాస్తున్న చేతికి.

డోర్కాసూ, కలం ఎత్తకు. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. "ఏటి" అంటే "ఏటి" అనే రాయి.

(ఎత్తలేదు అక్కా. — డో.)

నాకు చదవడం రాదు. కాని మా ఆయన పొగ చూసి మనిషిని చెప్పేవాడు. కోచ్ మొదటి జవాబు నువ్వు చదువుతుంటే నేను కాయితం వంక చూస్తూ కూర్చున్నాను. అక్షరాల కొసలన్నీ కుడివైపు పైకి లేచి ఉన్నాయి, గాలికి కొంగు లేచినట్టు. అంతకుముందు నా ఉత్తరం రాసేటప్పుడు నీ చెయ్యి పక్కనే కూర్చున్నాను కదా. అవే కొంగులు. అందులో వింత ఏటుంది? తెలుగు చదివే మనిషి కావాలి కోచ్‌కి. చిన్నమ్మలు వేలిముద్ర మనిషి, మీనాక్షి హిందీ బడి మనిషి, ఏంజెలా ఇక్కడ పుట్టిన పిల్ల. మా అయిదుగురిలో తెలుగు రాసేది ఒక్క చెయ్యే.

మోకాలు నొప్పి అన్నావు. మోకాలు నొప్పి మనిషి రోజూ ఇరవై రెండు మెట్లు ఎక్కుతోంది. బెంచీకి మిగతా ముగ్గురూ మార్కెట్టు గేటు నుంచి వస్తారు. నువ్వు పది నిమిషాలు ఆగి, చుట్టూ తిరిగి చర్చి గేటు నుంచి వస్తావు. నాలుగు జాకెట్లూ ఒకేలా తడిసి ఉంటాయి.

మూడో చెక్క విరిగిందని ఎప్పుడూ పార్కుకి రాని కోచ్‌కి ఎలా తెలుసు? చీర చిరిగింది నీది.

నా పేరు సంగతి రాయించిననాడు కాయితం తడిస్తే వాన జల్లన్నావు. ఆరోజు వాన కూడా పడలేదు.

(ఇక్కడ కలం ఎత్తాను. ఆవిడ మంచినీళ్ళిచ్చి మళ్ళీ రాయమన్నారు. — డో.)

మొన్న ఆదివారం పవర్ హౌస్‌లో కూరలు ఏరుతుంటే నీ కోచ్ ఎదురుపడ్డాడు. బొమ్మలో ఉన్నంత మంటలేవీ లేవు, మామూలు పిల్లాడే. నేనెవరో చెప్పగానే చేతిలో సంచీ కింద పెట్టి దండం పెట్టాడు. వ్యాయామం అయ్యాక ఎంతసేపు ఆగాలి బాబూ అనడిగాను. "అయిదు నిమిషాలు చాలు మాజీ. అదీ ఆగట్లేదు. బెంచీ కాడ లేటైపోతాదని పరిగెడతన్నారు. ఏం బెంచీ అది?" అన్నాడు. తన ఉత్తరాలు ఎవరు రాశారో చెప్పబోయాడు. చెప్పొద్దన్నాను.

కాబట్టి నాకు తెలిసింది ఇది. అయిదు నిమిషాలని అతను చెబితే, ఒక గంట అని నువ్వు రాశావు. చదవలేని కుర్రాడు నమ్మి సంతకం పెట్టాడు, చదవలేని ముసల్ది నమ్మి కళ్ళకద్దుకుంది. ఒకవైపు నా ఫిర్యాదు రాశావు, ఇంకోవైపు జవాబు రాశావు. ప్లాంటులో ఇద్దరి డ్యూటీ ఒకడు చేస్తే ఓవర్‌టైం ఇస్తారు. నీకేటివ్వాలి?

నీకు సుగర్ పెరిగిందని డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడట. ఏంజెలా చెప్పింది. ఆ మాట జూలైలోనే నాతో అంటే ఏటయ్యేది? నాను తినేస్తానేటి నిన్ను?

(తినేస్తారు. — డో.)

ఇప్పుడు తీర్పు రాయి. ఒకటి, రేపటి నుంచి నువ్వూ మార్కెట్టు గేటు నుంచే రావాలి, ఆ ముగ్గురితో కలిసి. రెండు, నలుగురూ జిమ్ములో అయిదు నిమిషాలు ఆగి, ఊపిరి సర్దుకున్నాకే రావాలి. బెంచీ ఎక్కడికీ పోదు, నేను కాపలా ఉంటాను. మూడు, ఒక గంట అన్న మాట అబద్ధం. దాన్ని ఎవరూ దిద్దకూడదు. ముద్ర పడిన కాయితం కోడలి బీరువాలో పెట్టించాను. నేను పోయాక కూడా అది అక్కడే ఉండాలి, మీరు అయిదింటికి బెంచీ దగ్గర ఉండాలి.

ఇట్లు,
నూకమ్మ (వేలిముద్ర)

తా.క. 1: మీరు వచ్చే ముందు, పార్కులో ఎవరూ లేనప్పుడు, బెంచీ మీద నుంచి గబగబా లేచి కూర్చుని చూస్తున్నాను. ఎనిమిదికి నాలుగు సార్లే అయ్యాయి. నిన్న ఇంటికెళ్ళాక రెండు బిస్కెట్లు తిన్నాను. ఇది ఆ ముగ్గురికీ చెప్పకు.

తా.క. 2: రేపు ఈ ఉత్తరం తీసుకెళ్ళి కోచ్ బాబుకి నువ్వే చదివి వినిపించాలి కదా. ఏటి చదువుతావో నీ ఇష్టం.